హృదయలిపి: ఇ.సి.జి. పఠనం, విద్యుదక్ష నిర్ణయం

హృదయం అనే మాట వినగానే సాహిత్య విద్యార్థికి ప్రేమ, కరుణ, విరహం మొదలైన భావాలు స్ఫురిస్తాయి. ఉర్దూ కవి 'దిల్' అన్నా, తెలుగు కవి 'ఎద' అన్నా ఉద్దేశించినది భావాలకు నిలయమైన చోటునే. శరీర శాస్త్రజ్ఞుని దృష్టిలో మాత్రం హృదయం పిడికెడు కండరం. నిమిషానికి 72 సార్ల చొప్పున లెక్కించినా, అది రోజుకు లక్షసార్లకు పైగా ముడుచుకొని విప్పారుతుంది. కవి హృదయం అక్షరాల్లో వెల్లడి అయినట్లే, ఈ కండర హృదయం విద్యుత్ తరంగాల్లో వెల్లడి అవుతుంది. ఆ తరంగాలను కాగితంపై గీతలుగా నమోదు చేసే పద్ధతికి ఎలక్ట్రోకార్డియోగ్రఫీ అని పేరు. తెలుగులో దీనిని హృద్విద్యుల్లేఖనం అనవచ్చు. జనం నోట నిలిచిన పేరు ఇ.సి.జి. కనుక ఈ వ్యాసంలో ఆ పేరునే వాడుతున్నాను.

భాషాధ్యాపకుడు ఈ విషయాన్ని చేపట్టడమేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. మన విద్యార్థుల్లో పలువురు ఇంటర్మీడియట్ తరువాత నర్సింగు, లేబరేటరీ, ఇ.సి.జి. టెక్నీషియన్ వంటి కోర్సులకు వెళ్తున్నారు. తెలుగు లేదా ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవారికి అక్కడ విద్యుదక్షం అనే అధ్యాయం గోడవలె అడ్డు నిలుస్తుంది. అర్థం కాకున్నా సూత్రాన్ని కంఠస్థం చేసి పరీక్ష గట్టెక్కుతారు. పరీక్షలో అది చెల్లవచ్చు, రోగి మంచం దగ్గర చెల్లదు. అక్షరాలు, గుణింతాలు, పదాలు అనే క్రమంలో ఏ లిపినైనా నేర్చుకొన్నట్లే ఈ లిపినీ క్రమం తప్పక చదివితే ఎవరికైనా పట్టుబడుతుందని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నాడి నుండి గీత వరకు

గుండె స్థితిని బయటినుండి తెలుసుకోవాలన్న కోరిక కొత్తది కాదు. ఆయుర్వేద వైద్యుడు నాడి పట్టినా, యునానీ హకీము 'నబ్జ్' చూసినా వారి ప్రయత్నం అదే. ఇబ్న్ సీనా (980–1037) తన 'అల్ ఖానూన్' గ్రంథంలో నాడిని పది లక్షణాల ద్వారా పరీక్షించాలని చెప్పాడు. నాడి పరిమాణం, బలం, వేగం, క్రమబద్ధత, లయ మొదలైనవి అందులో ఉన్నాయి. ఒకే స్పర్శతో తీర్పు చెప్పక, ఒక్కొక్క లక్షణాన్ని విడివిడిగా విచారించాలన్న ఆ పద్ధతి గమనింపదగినది. ఇ.సి.జి. పఠనానికి కూడా అదే పద్ధతి ప్రాణం.

గుండెలో విద్యుత్తు ఉందని తెలిశాక దానిని శరీరం పైనుండి పట్టుకోవడానికి చాలా కాలం పట్టింది. 1887లో లండన్‌లో అగస్టస్ వాలర్ అనే శాస్త్రజ్ఞుడు పాదరసంతో పనిచేసే ఒక సూక్ష్మ పరికరం ద్వారా మానవ హృదయ విద్యుత్తును తొలిసారి నమోదు చేశాడు. ఆ గీత మొద్దుగా, అస్పష్టంగా ఉండేది. హాలెండు దేశంలోని లైడెన్ నగర ఆచార్యుడు విల్లెం ఐంథోవెన్ ఈ లోపాన్ని సరిదిద్దాడు. బలమైన అయస్కాంత క్షేత్రంలో అతి సన్నని తీగను వేలాడదీసి, గుండె విద్యుత్తు దానిగుండా ప్రవహించినపుడు తీగ కదిలే తీరును ఛాయాచిత్రంగా నమోదు చేశాడు. ఆ యంత్రం బరువు సుమారు 270 కిలోలు. దానిని నడపడానికి ఐదుగురు మనుషులు కావలసి వచ్చేది. రోగి రెండు చేతులను, ఎడమకాలిని ఉప్పునీటి పాత్రల్లో ఉంచి కూర్చునేవాడు. ఈ కృషికి 1924లో ఐంథోవెన్‌కు నోబెల్ బహుమతి లభించింది. నేడు చేతిసంచిలో ఇమిడే యంత్రం కూడా ఆయన పెట్టిన అక్షరాలనే రాస్తుంది.

విద్యుత్తు నడిచే బాట

గుండెలో నాలుగు గదులున్నాయని పాఠశాలలోనే చదువుకున్నాం. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. కుడికర్ణిక పైభాగంలో సిరాకర్ణికా కణుపు ఉంది. దీనిని 1907లో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వర్ణించారు. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో ఈ కణుపు నిమిషానికి 60 నుండి 100 సార్లు విద్యుత్ ప్రేరణను పుట్టిస్తుంది. ఆ ప్రేరణ రెండు కర్ణికలకు వ్యాపించి, కర్ణికా జఠరికా కణుపును చేరుతుంది. ఈ కణుపును 1906లో జపాన్ శాస్త్రజ్ఞుడు సునావో తవారా గుర్తించాడు. ఇక్కడ ప్రేరణ కొద్దిసేపు నెమ్మదిస్తుంది. ఈ జాప్యం వృథా కాదు. కర్ణికలు తమలోని రక్తాన్ని జఠరికల్లోకి పూర్తిగా పంపడానికి కావలసిన వ్యవధి అది.

అక్కడినుండి ప్రేరణ హిస్ కట్టలో ప్రవేశించి, కుడి, ఎడమ శాఖలుగా చీలి, పుర్కింజి తంతువుల ద్వారా జఠరికల కండరమంతటా వేగంగా వ్యాపిస్తుంది. కండర కణాలు ప్రేరణ పొందడాన్ని విధ్రువణం అనీ, అవి తిరిగి విశ్రాంతి స్థితికి రావడాన్ని పునఃధ్రువణం అనీ అంటారు. ఇ.సి.జి. గీత ఈ రెండు క్రియల చిత్రమే గాని గుండె ముడుచుకొనే చిత్రం కాదు. విద్యుత్తు ముందు నడుస్తుంది, సంకోచం దానిని అనుసరిస్తుంది. ఈ భేదాన్ని విద్యార్థి మొదటే గుర్తుంచుకోవాలి.

అక్షరాలు, కొలతలు

కాగితంపై కనిపించే తరంగాలకు ఐంథోవెన్ 1895లో పి, క్యు, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టాడు. కర్ణికల విధ్రువణం పి తరంగం. జఠరికల విధ్రువణం క్యు-ఆర్-ఎస్ సముదాయం. జఠరికల పునఃధ్రువణం టి తరంగం. క్యు-ఆర్-ఎస్‌లో పైకి లేచేది ఆర్. దానికి ముందు కిందికి దిగేది క్యు. దాని తరువాత కిందికి దిగేది ఎస్. అన్ని లీడుల్లోనూ మూడూ కనిపించాలన్న నియమం లేదు.

లిపికి గీత కాగితం ఉన్నట్లే దీనికీ గళ్ల కాగితం ఉంది. సాధారణంగా కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది. అందువల్ల అడ్డంగా ఒక చిన్నగడి, అనగా ఒక మిల్లీమీటరు, 0.04 సెకను. ఐదు చిన్నగళ్లు కలిసిన పెద్దగడి 0.20 సెకను. నిలువుగా 10 మిల్లీమీటర్లు ఒక మిల్లీవోల్టుకు సమానం. ఈ రెండు కొలతలు తెలియకుండా ఇ.సి.జి. చదవడం, ఛందస్సు గణాలు తెలియకుండా పద్యపాదాన్ని విభజించడం వంటిది.

మొదట గుండె వేగాన్ని లెక్కించాలి. ఒక ఆర్ నుండి తరువాతి ఆర్ వరకు ఉన్న పెద్దగళ్ల సంఖ్యతో 300ను భాగించాలి. నాలుగు పెద్దగళ్లుంటే వేగం నిమిషానికి 75. లయ క్రమం తప్పి ఉన్నపుడు ఈ సూత్రం పనికిరాదు. అపుడు 30 పెద్దగళ్లలో, అనగా 6 సెకన్లలో, ఎన్ని ఆర్‌లున్నాయో లెక్కించి పదితో గుణించాలి. రెండవది లయ: ప్రతి క్యు-ఆర్-ఎస్‌కు ముందు ఒక పి ఉన్నదా అని చూడాలి. మూడవది వ్యవధులు: పి ఆరంభం నుండి క్యు-ఆర్-ఎస్ ఆరంభం వరకు 0.12 నుండి 0.20 సెకను, అనగా మూడు నుండి ఐదు చిన్నగళ్లు. అంతకంటె ఎక్కువైతే కర్ణికల నుండి జఠరికలకు ప్రేరణ ఆలస్యంగా చేరుతోందని అర్థం. క్యు-ఆర్-ఎస్ వెడల్పు 0.12 సెకనుకు, అనగా మూడు చిన్నగళ్లకు, లోపు ఉండాలి. అంతకు చేరితే, ప్రేరణ పుర్కింజి తంతువుల రాజబాటను వదలి కండరం గుండా నెమ్మదిగా పోయిందేమోనని విచారించాలి.

పన్నెండు చూపులు

ఇక విద్యార్థిని తికమకపెట్టే విషయానికి వద్దాం. గుండె ఒకటే, కాగితంపై మాత్రం పన్నెండు రకాల గీతలుంటాయి. కారణం చాలా సులభం. రహదారి పక్కన నలుగురు నాలుగు చోట్ల నిలుచున్నారని అనుకోండి. దారిన పోయే మనిషి ఒకరికి ఎదురు వస్తున్నట్లు, మరొకరికి వీపు చూపి వెళ్తున్నట్లు, వేరొకరికి అడ్డంగా సాగుతున్నట్లు కనిపిస్తాడు. నడిచేవాడు ఒకడే, నడక ఒకటే, చూసే చోటు వేరు. ఇ.సి.జి.లో ఒక్కొక్క లీడు ఒక్కొక్క చూపు. విద్యుత్ తరంగం లీడు చూపుకు ఎదురుగా వస్తే గీత పైకి లేస్తుంది. దూరంగా పోతే కిందికి దిగుతుంది. అడ్డంగా సాగితే పైకెంతో కిందికంతే ఉండి నికర విలువ సున్నా అవుతుంది. విద్యుదక్షం అనే అధ్యాయమంతా ఈ మూడు వాక్యాల వ్యాఖ్యానమే.

రెండు చేతులు, ఎడమకాలు కలిసి ఒక సమబాహు త్రిభుజం ఏర్పడుతుందని ఐంథోవెన్ ఊహించాడు. కుడిచేయి నుండి ఎడమచేతికి లీడు 1. కుడిచేయి నుండి ఎడమకాలికి లీడు 2. ఎడమచేయి నుండి ఎడమకాలికి లీడు 3. ఒకటి, మూడు లీడుల విలువలను కూడితే రెండవ లీడు విలువ వస్తుంది. దీనికి ఐంథోవెన్ నియమమని పేరు. తరువాత 1934లో ఫ్రాంక్ విల్సన్ అమెరికాలో ఒక కేంద్ర ధ్రువాన్ని కల్పించి ఛాతీ లీడులకు మార్గం చూపాడు. 1942లో గోల్డ్‌బెర్గర్ ఎ.వి.ఆర్., ఎ.వి.ఎల్., ఎ.వి.ఎఫ్. అనే మూడు లీడులను చేర్చాడు. చేతులకు, కాళ్లకు సంబంధించినవి ఆరు, ఛాతీకి సంబంధించినవి వి-1 నుండి వి-6 వరకు ఆరు, మొత్తం పన్నెండు. వీటికి శరీరంపై అమర్చే ఎలక్ట్రోడులు మాత్రం పదే.

విద్యుదక్షమంటే ఏమిటి?

జఠరికల విధ్రువణం ఒకేసారి అనేక దిశల్లో సాగుతుంది. ఆ దిశలన్నింటినీ కూడగా మిగిలే ఒక్క ప్రధాన దిశకే విద్యుదక్షమని పేరు. బరువైన తాటిదుంగకు రెండు తాళ్లు కట్టి ఇద్దరు చెరొక పక్కకు లాగితే, బలవంతుని వైపే దుంగ మొగ్గుతుంది. గుండెలో ఎడమజఠరిక గోడ కుడిజఠరిక గోడకంటె సుమారు మూడు రెట్లు మందం. కనుక ఆరోగ్యవంతునిలో అక్షం ఎడమకు, కిందికి మొగ్గి ఉంటుంది.

దిశను కోణాల్లో చెబుతారు. లీడు 1 దృష్టి 0 డిగ్రీల వద్ద, లీడు 2 దృష్టి +60 వద్ద, ఎ.వి.ఎఫ్. +90 వద్ద, లీడు 3 +120 వద్ద, ఎ.వి.ఎల్. –30 వద్ద, ఎ.వి.ఆర్. –150 వద్ద ఉంటాయి. గణిత విద్యార్థులు ఒక విషయం గమనించాలి. మనం రేఖాగణితంలో పైదిశ కోణాలను ధనాత్మకంగా తీసుకుంటాం. ఇక్కడ కిందిదిశ కోణాలు ధనాత్మకం, పైదిశవి ఋణాత్మకం. పెద్దవారిలో సాధారణ అక్షం –30 నుండి +90 వరకు. –30 నుండి –90 వరకు ఉంటే ఎడమ విచలనం. +90 నుండి +180 వరకు ఉంటే కుడి విచలనం. మిగిలిన నాలుగవ భాగంలో పడితే అది అత్యంత విచలనం.

అక్షాన్ని కనుగొనే విధానం ఇది. మొదట లీడు 1, ఎ.వి.ఎఫ్. చూడాలి. ఇవి రెండూ పరస్పరం లంబంగా ఉంటాయి. రెండింటిలోనూ క్యు-ఆర్-ఎస్ ప్రధానంగా పైకి ఉంటే అక్షం సాధారణం. లీడు 1 కిందికి, ఎ.వి.ఎఫ్. పైకి ఉంటే కుడి విచలనం. లీడు 1 పైకి, ఎ.వి.ఎఫ్. కిందికి ఉంటే వెంటనే ఎడమ విచలనమని తీర్పు చెప్పరాదు. లీడు 2ను సాక్షిగా పిలవాలి. అది పైకి ఉంటే అక్షం 0 నుండి –30 లోపు ఉన్నట్లు, అది సాధారణమే. అదీ కిందికి ఉంటే అక్షం –30 దాటినట్లు, అదే నిజమైన ఎడమ విచలనం. రెండూ కిందికి ఉంటే అత్యంత విచలనం.

కోణాన్ని ఇంకా దగ్గరగా తెలుసుకోవాలంటే నికర విలువ సున్నాకు చేరువగా ఉన్న లీడును వెదకాలి. అక్షం దానికి లంబంగా ఉంటుంది. లంబ జంటలు మూడు: లీడు 1కి ఎ.వి.ఎఫ్., లీడు 2కు ఎ.వి.ఎల్., లీడు 3కు ఎ.వి.ఆర్.

ఒక ఉదాహరణ చూద్దాం. లీడు 1లో ఆర్ ఎత్తు 7 మిల్లీమీటర్లు, ఎస్ లోతు 1. నికరం +6. లీడు 3లో ఆర్ 8, ఎస్ 2. నికరం +6. ఐంథోవెన్ నియమం ప్రకారం లీడు 2 నికరం +12 కావాలి. కాగితంపై ఆర్ 13, క్యు 1 ఉన్నాయి, లెక్క సరిపోయింది. ఎ.వి.ఎల్.లో ఆర్ 3, ఎస్ 3, నికరం సున్నా. ఎ.వి.ఎల్.కు లంబజంట లీడు 2. అది పైకి ఉంది. కనుక అక్షం +60 డిగ్రీలు, నిస్సందేహంగా సాధారణం.

మరొక ఉదాహరణ. లీడు 1 నికరం +8, ఎ.వి.ఎఫ్. నికరం –7. సాక్షి అయిన లీడు 2 నికరం –3. అది కిందికి ఉన్నది కనుక అక్షం –30 దాటింది. కోణం లెక్కిస్తే సుమారు –45 వస్తుంది. ఇది ఎడమ విచలనం. చూశారా, ఇందులో కూడికలు, తీసివేతలు తప్ప భయపడవలసిన గణితమేదీ లేదు.

అక్షం ఎందుకు మళ్లుతుంది?

తాటిదుంగ ఉపమానాన్నే కొనసాగిద్దాం. ఒకవైపు లాగేవాడికి బలం పెరిగితే దుంగ అటు మళ్లుతుంది. కుడిజఠరిక గోడ మందమైనపుడు అక్షం కుడికి పోవడానికి కారణం ఇదే. ఒకడు తాడు వదిలేస్తే దుంగ రెండవవాని వైపు పోతుంది. గుండెపోటులో కండరం కొంత మరణించినపుడు అక్షం ఆ మృతభాగానికి దూరంగా జరగడం ఇటువంటిది. ఒకడు ఆలస్యంగా లాగడం మొదలుపెడితే చివరి దిశ వానిదే అవుతుంది. హిస్ కట్ట ఎడమశాఖలోని ముందుచీలిక పనిచేయనపుడు ఆ ప్రాంతానికి విద్యుత్తు ఆలస్యంగా చేరి అక్షం ఎడమకు, పైకి మళ్లుతుంది. ఎడమ విచలనానికి తరచుగా కనిపించే కారణాల్లో ఇది ఒకటి.

అక్షం మళ్లినంత మాత్రాన రోగమని నిర్ధారించరాదు. తల్లి గర్భంలో కుడిజఠరిక ఎక్కువ శ్రమిస్తుంది కనుక నవజాత శిశువుల్లో కుడి అక్షం సహజం. పొడవుగా, సన్నగా ఉన్న యువకుల్లో గుండె నిలువుగా వేలాడుతుంది కనుక అక్షం +90 చెంతకు చేరవచ్చు. అక్షం ఒక సూచన మాత్రమే. తీర్పు మిగిలిన సాక్ష్యాలపై ఆధారపడి ఉంటుంది.

గొంతునొప్పి నుండి గుండె వరకు

మన దేశానికి సంబంధించిన ఒక వ్యాధిని తీసుకొని ఈ సాక్ష్యాలు ఎలా కలుస్తాయో పరిశీలిద్దాం. ఇరుకు ఇళ్లలో పెరిగే పిల్లలకు, ముఖ్యంగా 5 నుండి 15 ఏళ్ల వయసువారికి, స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతునొప్పి వస్తుంది. సరైన చికిత్స జరగకపోతే కొందరిలో రెండు మూడు వారాల తరువాత జ్వరం, కీళ్లనొప్పులు వస్తాయి. ఇది రుమాటిక్ జ్వరం. కీళ్లు బాగవుతాయి గాని గుండె కవాటాలపై మచ్చ మిగిలిపోతుంది. ఏళ్లు గడిచాక ఎడమకర్ణికకు, ఎడమజఠరికకు మధ్యనున్న మిట్రల్ కవాటం ఇరుకవుతుంది. బాధితుల్లో స్త్రీలే ఎక్కువ. పెళ్లయి, గర్భం దాల్చి, రక్తప్రవాహం పెరిగినపుడు తొలిసారి ఆయాసం బయటపడుతుంది. ఇంట్లోవారు దానిని నీరసమని అనుకుంటారు.

అటువంటి స్త్రీ ఇ.సి.జి.ని క్రమంగా చదువుదాం. ఇరుకు కవాటం గుండా రక్తాన్ని నెట్టలేక ఎడమకర్ణిక ఉబ్బుతుంది. కనుక లీడు 2లో పి తరంగం మూడు చిన్నగళ్లకు వెడల్పయి రెండు మూపురాలతో కనిపిస్తుంది. రక్తం వెనుకకు నిలిచి ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగితే కుడిజఠరిక మందమవుతుంది. కనుక అక్షం కుడికి జరుగుతుంది. వి-1లో ఆర్ ఎత్తవుతుంది. వ్యాధి ఇంకా ముదిరితే కర్ణికలు లయ తప్పి వణుకుతాయి. పి తరంగాలు మాయమై, ఆర్‌ల మధ్య దూరాలు ఏ రెండూ సమానం కాకుండా పోతాయి. పి ఆకారం, అక్షం, వి-1, లయ విడివిడిగా చూస్తే నాలుగు అక్షరాలు. కలిపి చదివితే ఒక పూర్తి వాక్యం. దానిని స్టెతస్కోపు, ఎకో పరీక్ష ధ్రువపరచాలి. నేడు ఈ వ్యాధికి ఉపాయాలున్నాయి. ఇరుకైన కవాటాన్ని బెలూనుతో వెడల్పు చేసే పద్ధతిని జపాన్ వైద్యుడు కంజీ ఇనోవే 1982లో ప్రవేశపెట్టాడు. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు వైద్యుని సలహాపై మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూదిమందు ఏళ్ల తరబడి ఇస్తే జ్వరం మళ్లీ రాకుండా కాపాడవచ్చు. గొంతునొప్పికి సకాలంలో చికిత్స జరిగితే ఈ వాక్యమే రాయబడదు.

తీగ మారితే దిశ మారుతుంది

ఇ.సి.జి. తీసేవారు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం మరొకటి కలదు. కుడిచేతి తీగను ఎడమచేతికి, ఎడమచేతి తీగను కుడిచేతికి తగిలిస్తే లీడు 1 తలకిందులవుతుంది. రెండు, మూడు లీడులు పరస్పరం మారిపోతాయి. ఎ.వి.ఆర్., ఎ.వి.ఎల్. కూడా మారిపోతాయి. ఆరోగ్యవంతునికి కుడి విచలనం ఉన్నట్లు కాగితం సాక్ష్యం చెబుతుంది. దీనిని పట్టుకొనే ఉపాయం ఉంది. లీడు 1లో క్యు-ఆర్-ఎస్‌తో పాటు పి తరంగం కూడా తలకిందులై, వి-6 మాత్రం యథాప్రకారం ఉంటే ముందుగా తీగలను అనుమానించాలి. గుండె కుడివైపున ఉండే అరుదైన వ్యక్తుల్లో కూడా లీడు 1 ఇలాగే కనిపిస్తుంది. అయితే వారిలో వి-1 నుండి వి-6కు పోయేకొద్దీ తరంగాలు చిన్నవవుతాయి. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి ప్రకారం కుడిచేతికి ఎరుపు, ఎడమచేతికి పసుపు, ఎడమకాలికి ఆకుపచ్చ, కుడికాలికి నలుపు. అమెరికా పద్ధతిలో రంగులు వేరు. కనుక రంగుతో పాటు తీగపై ఉన్న గుర్తును కూడా చూసుకోవాలి.

ఛాతీ ఎలక్ట్రోడుల విషయంలో మన సమాజానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. వి-1, వి-2 నాల్గవ పక్కటెముకల సందులో, రొమ్ముఎముకకు కుడి, ఎడమల ఉండాలి. వి-4 ఐదవ సందులో, మెడఎముక మధ్యనుండి కిందికి గీసిన గీతపై ఉండాలి. వి-3 ఆ రెండింటి నడుమ, వి-5, వి-6 వి-4 ఎత్తులోనే చంక వైపు ఉండాలి. స్త్రీలు బిడియంతో దుస్తులు తొలగించడానికి వెనుకాడతారు. తీసేవాడు పురుషుడైతే అతనూ తడబడి ఎలక్ట్రోడులను ఉండవలసిన చోటుకంటె పైన అమర్చి పని ముగిస్తాడు. దానివల్ల లేని జబ్బు ఉన్నట్లు, ఉన్న జబ్బు లేనట్లు కనిపించవచ్చు. దీనికి పరిష్కారం మన విద్యార్థినుల చేతుల్లో ఉంది. ఈ పని నేర్చిన స్త్రీ తెర చాటున, రోగి గౌరవానికి భంగం లేకుండా, సరైన చోట ఎలక్ట్రోడు పెట్టగలదు. అది ఉద్యోగమే గాక, ఒక తల్లికి సరైన వైద్యం అందించే సేవ కూడా.

కాగితం చెప్పేది, చెప్పనిది

గుండెపోటు సమయంలో అందరూ వెదికేది ఎస్-టి భాగం. అది పైకి లేచిన లీడులను బట్టి దెబ్బతిన్న చోటు తెలుస్తుంది. లీడు 2, లీడు 3, ఎ.వి.ఎఫ్.లలో లేస్తే గుండె అడుగుభాగం, వి-1 నుండి వి-4 వరకు లేస్తే ముందుభాగం, లీడు 1, ఎ.వి.ఎల్., వి-5, వి-6లలో లేస్తే పక్కభాగం దెబ్బతిన్నాయని గ్రహిస్తారు. పన్నెండు చూపుల ప్రయోజనం ఇక్కడ స్పష్టమవుతుంది. ఛాతీనొప్పితో వచ్చినవారికి ఆసుపత్రి చేరిన 10 నిమిషాల్లో ఇ.సి.జి. తీసి చదవాలన్నది నేటి వైద్య నియమం. రక్తనాళం మూసుకొని ఉన్న ప్రతి నిమిషమూ కండరం నశిస్తుంది.

అయితే మొదటి ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన గుండెపోటు లేదని చెప్పరాదు. తొలి ఘడియల్లో మార్పులు కనిపించకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే మళ్లీ మళ్లీ తీయాలి, రక్తపరీక్షలు చేయాలి. వృద్ధుల్లో, మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో ఛాతీనొప్పి లేకుండానే ఆయాసం, చెమటలు, విపరీతమైన అలసట రూపంలో గుండెపోటు రావచ్చు. "గ్యాస్ నొప్పి" అని సోడా తాగించి తెల్లవారే దాకా వేచి ఉండడం మన ఇళ్లలో సాధారణం. చదువుకున్నవారు ఇంటికొకరు ఉండగా ఇది జరగరాదు. అటువంటి వేళ 108కు ఫోను చేయడం, ఇ.సి.జి. ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చడం మన కర్తవ్యం.

నేటి యంత్రాలు కాగితం పైభాగాన తమ అభిప్రాయాన్ని కూడా అచ్చువేసి ఇస్తాయి. వేగం, వ్యవధులు, అక్షం కోణం అందులో ఉంటాయి. అది ఉపయోగకరమే. కాని తీగ మారిందో లేదో, ఎలక్ట్రోడు ఎక్కడ ఉందో యంత్రం అన్నివేళలా గుర్తించలేదు. రోగి ముఖం పాలిపోయిందో, చెమట పట్టిందో యంత్రానికి కనిపించదు. కనుక యంత్రం మాట వినాలి, తీర్పు మాత్రం మనిషి చెప్పాలి.

విద్యార్థులకు విజ్ఞప్తి

విద్యార్థి మిత్రులారా! ఇ.సి.జి. చేతికి రాగానే పేరు, వయసు, తేదీ, కాగితం వేగం, కొలత చూడండి. తరువాత వేగం, లయ, వ్యవధులు, అక్షం, తరంగాల ఆకారాలు, చివరకు ఎస్-టి, టి. ఈ క్రమాన్ని ఎంత తొందరలోనైనా తప్పకండి. కళ్లను ఆకర్షించిన ఒక్క తరంగం దగ్గరే ఆగిపోయేవారు దాని పక్కనున్న ప్రమాదాన్ని విడిచిపెడతారు.

మాతృభాషలో చదివినవారికి విజ్ఞానశాస్త్రం అందదన్న నిస్పృహకు తావీయకండి. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం సుమారు మూడు దశాబ్దాల పాటు వైద్యంతో సహా అనేక శాస్త్రాలను ఉర్దూలో బోధించింది. పైన రాసిన పాఠాన్ని మీరు తెలుగులో చదివి అర్థం చేసుకున్నారు. ఇంగ్లీషు పదాలు తరువాత వచ్చి చేరుతాయి, అవీ నేర్చుకోవలసినవే. ముందు విషయం మనసుకు ఎక్కాలి. విషయం ఎక్కినవానికి పదం బరువు కాదు.

ఈ సంవత్సరం మన కళాశాల నుండి వెళ్లేవారిలో ఎవరో ఒకరు, ఏదో ఒక ఊరి ఆసుపత్రిలో, అర్ధరాత్రి ఒక అపరిచితుని ఛాతీపై ఎలక్ట్రోడులు అమర్చుతారు. బయట ఆ రోగి బిడ్డలు నిలబడి ఉంటారు. వారి ఆశ అంతా ఆ మూరెడు కాగితం మీద ఉంటుంది. ఆ కాగితాన్ని సరిగా తీసి, సరిగా చదివే విద్య మీ చేతికి అబ్బాలని కోరుకుంటున్నాను.